జమీందారు లోగిలి కాదండీ, అది మిద్దిల్లు

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో తిరుపతి గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న పాత ఇళ్ళ మీద అర పేజీ వేశారు. పోనీలే, ఎవరో ఒకరు వీటిని పట్టించుకున్నారు అనుకుంటూ చదవడానికి కూర్చున్నాను. ఫొటో కింద 'జమీందారుల కాలం నాటి మండువా లోగిలి' అని చూసేసరికి కాఫీ చేతిలోనే చల్లారిపోయింది. తీర్థకట్ట వీధిలోని ఆ ఇల్లు నాకు బాగా తెలుసు సార్. దాని దస్తావేజుల కట్ట రెండుసార్లు నా టేబుల్ మీదికి వచ్చింది. జమీందారుకీ ఆ ఇంటికీ ఏ సంబంధమూ లేదు. అది మండువా లోగిలి కూడా కాదు.

నేను ముప్పై నాలుగేళ్ళు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. చదివింది పదో తరగతి. చరిత్ర చెప్పేంత వాణ్ణి కాదు. కానీ ఈ ఊళ్ళో ఫలానా ఇల్లు ఎవరిది, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయింది అని గట్టిగా తేల్చాలంటే చివరికి మాలాంటి వాళ్ళ దగ్గరికే రావాలి, ఎందుకంటే ఇంటికి కథలు చెప్పేవాళ్ళు వీధికి వందమంది దొరుకుతారు గానీ ఇల్లు చేతులు మారిన పాత దస్తావేజుల, అదే లింకు డాక్యుమెంట్ల, కట్ట మాత్రం ఒకటే ఉంటుంది.

ముందు మాట సంగతి చూద్దాం. మండువా లోగిలి అనేది గోదావరి, కృష్ణా వైపు వాళ్ళ మాట. అక్కడ నాలుగు వైపులా పెంకుల కప్పు లోపలికి వాలి ఉంటుంది, వాన నీళ్ళు నడిమధ్యన మండువాలో పడతాయి. మా వైపు పాత ఇంటికి వాలు కప్పు తక్కువ, మిద్దె ఎక్కువ. మిద్దిల్లు అంటాం. మధ్యలో ఆకాశం కనిపించేట్టు వదిలిపెడితే తొట్టికట్టు ఇల్లు అంటాం, నీళ్ళు పడే ఆ గుంత తొట్టి. మీరు అరుగు అని రాసింది మాకు తిన్నె. ఇదేదో ప్రాంతాభిమానంతో చెప్పడం లేదు. మాట మారితే కట్టడమే మారిపోతుంది, అందుకని చెప్తున్నాను. మిద్దె మీద మా అవ్వ వడియాలు పెట్టేది, చింతపండు ఎండబెట్టేది, ఎండాకాలం రాత్రి ఇంటిల్లిపాదీ అక్కడే పడుకునేవాళ్ళం. పెంకుల మీద ఇవన్నీ కుదురుతాయా?

ఆ ఇంటి ముందు భాగం ఇరవై అడుగులకు మించి ఉండదు. లోతు మాత్రం వీధి నుంచి వెనక సందు దాకా పోతుంది. తిన్నె, తలవాకిలి, చిన్న నడవ, తొట్టి, పడసాల అనే పెద్ద గది, దానికి ఆనుకుని పగలు కూడా దీపం కావలసిన ఒక చీకటి గది, వంటిల్లు, చేదబావి, దొడ్డి. గుడి చుట్టుపక్కల వీధుల్లో ఎక్కువ ఇళ్ళు ఇదే వరస. దేవుడి వాహనం పోయే వీధిలో అందరికీ ముఖం కావాలి, అందుకని ఇళ్ళన్నీ సన్నగా నిలబడి వెనక్కి సాగిపోయాయి. గోవిందరాజస్వామి బ్రహ్మోత్సవాలప్పుడు తిన్నె మీద చోటు కోసం మేం కొట్టుకునేవాళ్ళం. గంగమ్మ జాతరలో వేషాలు ఇంటింటికీ వచ్చినప్పుడు పసుపు నీళ్ళ బిందె పెట్టేదీ ఆ తిన్నె మీదే. రోడ్డు మీదికి వచ్చిందని చెప్పి తర్వాత తిన్నెలు కొట్టేశారు. ఇప్పుడు నేరుగా మెట్లు, షట్టరు, దాని ముందర బైకులు.

అంకణం అనే మాట మీ రిపోర్టర్ గారికి రియల్ ఎస్టేట్ ప్రకటనల్లో ఈసరికి కనిపించే ఉంటుంది. మా దగ్గర అంకణం అంటే 36 చదరపు అడుగులు, నెల్లూరికి పోతే 72. ఈ కొలత పుట్టిందే ఈ ఇళ్ళలో. రెండు దూలాల మధ్య ఎడం అంకణం. పాత దస్తావేజుల్లో ఇల్లు 'ఇన్ని అంకణాలది' అని ఉంటుంది, అంటే చదివినవాడికి ఎన్ని దూలాలు, ఎంత ఇల్లు అని అక్కడికక్కడే అర్థమైపోతుంది. ఇవాళ దూలమూ లేదు, దాని మీద అడ్డంగా వేసే సన్న కట్టె, దంతె కూడా లేదు, ఖాళీ ప్లాటును అంకణాల లెక్కన అమ్ముతున్నాం.

మిద్దె ఎట్లా వేసేవాళ్ళో నేను ఒక్కసారే దగ్గరగా చూశాను. మా చిన్నతనంలో కర్ణాల వీధిలోని మా ఇంట్లో పడసాల కప్పు ఒక మూల కుంగితే నాయన దాన్ని విప్పించి మళ్ళీ వేయించాడు. గోడ నుంచి గోడకు దూలాలు, వాటి మీద అడుగున్నర ఎడంగా టేకు దంతెలు. దంతెల మీద సన్న ఇటుకలు, మన అరచేయంత ఉంటాయి, వాటిని పడుకోబెట్టరు, నిలబెట్టి ఏటవాలుగా ఒకదానికొకటి అతికిస్తూ పోతారు. కింద చెక్క పెట్టరు, ఇప్పటి సెంట్రింగు లాంటిది ఏమీ ఉండదు. మేస్త్రీ ఇటుకకు సున్నం పూసి పక్క ఇటుకకు అదిమి, పది లెక్కపెట్టేంతసేపు చేత్తో పట్టుకుని వదిలేవాడు. పడిపోదా అని నేను కిందనే నిలబడి నోరు తెరుచుకుని చూస్తుంటే, నోట్లో సున్నం పడుతుంది పోరా అని తరిమాడు. దాని మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపి మందంగా పరిచారు. తర్వాత ఆరేడుగురు ఆడవాళ్ళు వరసగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొట్టారు, మధ్యమధ్యలో బెల్లం, కరక్కాయ నానేసిన నీళ్ళు చల్లుతూ, పాట పాడుతూ. చెక్క ఎగిరి పడే శబ్దం వచ్చేదాకా కొట్టాలంట. పైన పలక ఇటుకలు పరిచి గుల్లసున్నంతో నున్నగా మెత్తారు. దీన్నే ఇంజనీర్లు మద్రాస్ టెర్రేస్ అంటారు. మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా ఇదే పద్ధతి ఉండేది, చెన్నైలో పాత కట్టడాల మీద ఇప్పటికీ కనిపిస్తుంది.

పక్కనే చంద్రగిరిలో రాజమహల్ చూడండి, మూడంతస్తులు, కట్టె ముక్క లేకుండా ఇటుక, రాయి, సున్నంతో కట్టారని పిల్లలను తీసుకుపోయి చూపిస్తాం. మా ఇళ్ళు దానికి పూర్తిగా తిరగబడి. కట్టె లేకపోతే కప్పే లేదు. బర్మా టేకు కొనగలిగినవాడు మద్రాసు నుంచి తెప్పించుకున్నాడు, కొనలేనివాడు వేపతోనో మద్దితోనో సరిపెట్టుకున్నాడు. శేషాచలం పక్కనే కాబట్టి కొన్ని ఇళ్ళలో ఎర్రచందనం స్తంభాలు కూడా ఉండేవి. మాకు తెలిసిన ఒకాయన ఇల్లు విప్పేటప్పుడు అలాంటివి రెండు బయటపడితే, అమ్ముదామా అంటే భయం, పారేద్దామా అంటే మనసొప్పలేదు, తాత నిలబెట్టిన స్తంభానికి పర్మిట్ ఎవరిస్తారు అని నెల రోజులు దుప్పటి కప్పి దాచాడు. ఆ తర్వాత ఏం చేశాడో నేను అడగలేదు.

ఇక ఓనర్ల సంగతి. జమీందారు అన్న మాట మీకెవరు చెప్పారో గానీ, ఈ చుట్టుపక్కల జమీందార్లంటే కార్వేటినగరం, శ్రీకాళహస్తి, పుంగనూరు వాళ్ళు. వాళ్ళ మహళ్ళు వాళ్ళ ఊళ్ళలో ఉన్నాయి. తిరుపతి గుడి ఊరు. ఇక్కడ ఇళ్ళు గుడి మీద బతికినవాళ్ళవి, గుడికి వచ్చేవాళ్ళ మీద బతికినవాళ్ళవి. వీధుల పేర్లు చూస్తే చాలు, కర్ణాల వీధి, బేరి వీధి, బండ్ల వీధి, నిమ్మకాయల వీధి. ఇందులో రాజులెక్కడున్నారు సార్? లెక్కలు రాసేవాళ్ళు, వర్తకులు, బండ్లు తోలేవాళ్ళు, నిమ్మకాయలు అమ్మేవాళ్ళు.

మీరు ఫొటో వేసిన ఇంటి కట్టలో అన్నిటికన్నా అడుగున ఉన్న కాగితం విక్టోరియా రాణి తల ఉన్న స్టాంపు కాగితం. 'ఉత్తర ఆర్కాటు జిల్లా చంద్రగిరి తాలూకా' అని మొదలవుతుంది, అప్పటికి చిత్తూరు జిల్లానే లేదు, అది ఏర్పడింది 1911లో. రాత గొలుసుకట్టు, కలం ఎత్తకుండా అక్షరం మీద అక్షరం అల్లుకుంటూ పోయే రాత. ఇప్పటి కుర్రాళ్ళకు అది తెలుగో కాదో కూడా తెలియదు. అందులో ఇల్లు అమ్మింది ఒక ఆడమనిషి. మామూలుగా ఆడవాళ్ళ పేరు పక్కన ఫలానా వారి భార్య అనో, కుమార్తె అనో మగవాడి పేరు ఉండాలి. ఈమెకు తల్లి పేరు ఉంది. తల్లికి మళ్ళీ ఆమె తల్లి నుంచి ఇల్లు వచ్చినట్టు రాశారు. మొదటిసారి చదివినప్పుడు నేను లేఖరి తప్పనుకున్నాను. మా గురువు గారు నవ్వి, తప్పు కాదురా, ఇది గుడి సేవలో ఆడిపాడిన వాళ్ళ ఇల్లు, వాళ్ళల్లో ఆస్తి అమ్మ నుంచి కూతురికి పోతుంది అన్నాడు.

ఇది ఆ ఒక్క ఇంటి సంగతి కాదు. అదే పద్ధతిలో తల్లి పేరుతో ఉన్న కాగితాలు నేను వేరే ఇళ్ళవి కూడా చూశాను. తిరుమల, తిరుపతి గుళ్ళ గోడల మీద వెయ్యికి పైగా శాసనాలున్నాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారు వాటిని ఎత్తి రాయించి అచ్చు వేయించారు కాబట్టి మనకు తెలిశాయి. విజయనగర రాజుల కాలపు శాసనాల్లో లింగసాని, హనుమసాని లాంటి తిరువీధి సానులు, అంటే గుడి సేవలో ఆడిపాడినవాళ్ళే, తమ సొంత డబ్బుతో దేవుడికి నైవేద్యాలు కట్టించినట్టు ఉంది. డబ్బున్నవాళ్ళు, ఇళ్ళున్నవాళ్ళు, పేరున్నవాళ్ళు. తర్వాత కాలం మారింది, 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ చట్టం తెచ్చింది, అది రావలసిన చట్టమే, దాని మీద నాకు పేచీ లేదు. కానీ ఆ కుటుంబాలు ఊరు మారిపోయాయి, ఇంటి పేర్లు మార్చుకున్నాయి, ఆ ఇళ్ళకు పాత ఓనరు ఎవరని అడిగితే చెప్పడానికి పక్కింటివాళ్ళకు నోరు రాలేదు. అప్పుడు పుట్టుకొచ్చిన మాటే ఈ జమీందారు అని నా అనుమానం. పేరు లేని చోట అది చక్కగా అతుక్కుపోతుంది.

ఆమె దగ్గర కొన్నది బేరి వీధి బట్టల వర్తకుడు. మీ ఫొటోలో అందంగా కనిపిస్తున్న ముందు గోడ, వాకిలి పైన సున్నంతో చేసిన కృష్ణుడు, అటూ ఇటూ చిలకలు, మేడగది, దానికి ఇనుప కమ్మీలు, ఇవన్నీ ఆయన పెట్టించినవి. ఎట్లా తెలుసంటే ఆయన కొన్న కాగితంలో 'మిద్దె ఇల్లు' అని మాత్రమే ఉంది, ఆయన తాకట్టు పెట్టిన కాగితంలో 'మేడతో కూడిన' అని వచ్చింది. ఆ తాకట్టు భోగ్యం. అంటే వడ్డీ ఉండదు, అప్పిచ్చినవాడు బాకీ తీరేదాకా ఇంట్లో ఉంటాడు లేదా బాడుగ తింటాడు. అప్పిచ్చింది చిత్తూరు కోర్టులో ప్లీడరు. వర్తకుడు బాకీ తీర్చలేక చివరికి ఇల్లే రాసిచ్చేశాడు. బట్టలు అమ్మి మేడ కట్టి, మేడ కట్టిన అప్పుకు ఇల్లు పోగొట్టుకున్నాడన్నమాట. ప్లీడరు గారు మనిషి గట్టి. కొండకు మోటారు దారి 1944లో వచ్చింది గానీ అంతకుముందు యాత్రికులు రైలు దిగి, ఊళ్ళో ఒక రాత్రి ఉండి, తెల్లవారుజామున అలిపిరి మెట్లెక్కేవాళ్ళు. వాళ్ళకు తొట్టి చుట్టూ ఉన్న పంచలు రాత్రికింత అని అద్దెకిచ్చేవాడంట. అంటే ఇప్పుడా స్థలంలో లాడ్జి కట్టాలని చూసేవాళ్ళు కొత్తగా ఏమీ కనిపెట్టలేదు.

ప్లీడరు కూతురికి పసుపు కుంకుమ కింద ఆ ఇల్లు రాసిచ్చాడు. ఆమె కాలంలో 1954లో యూనివర్సిటీ వచ్చింది, ఎక్కడెక్కడి నుంచో వచ్చిన మేష్టర్లు, గుమాస్తాలు గదికొక కాపురం పెట్టారు. ఆమె కొడుకులు అయిదుగురు. వాళ్ళ పంపకాల దస్తావేజు రాసింది నేనే. తొట్టిని ఎటు వేయాలో తెలియక మధ్యలో గీత గీసి, సగం తూర్పు వాటాకు, సగం పడమర వాటాకు అని రాశాను. వాన పడితే నీళ్ళు ఎవరివి అని ఆఖరివాడు అడిగాడు. అందరం నవ్వాం. ఆ గీత మీద ఇప్పుడు హాలో బ్రిక్కు గోడ ఉంది. మిగిలిన ఇల్లు ఇంకా నిలబడి ఉందంటే ఎవరో కాపాడుతున్నారని అనుకోకండి, ఇద్దరు వాటాదారులకు పడక కోర్టులో ఉంది, అంతే. అసలు ఈ వీధుల్లో మిగిలిన పాత ఇళ్ళలో సగం వాటా కేసుల పుణ్యాన మిగిలినవే.

అర్చకుల ఇళ్ళ సంగతి వేరు. అక్కడి పంపకాల కాగితాల్లో ఇంటి అంకణాలతో పాటు గుడిలో మిరాశీ వంతులు, అంటే వంశపారంపర్యంగా వచ్చే సేవ హక్కులు కూడా పంచుకునేవాళ్ళు, పెద్దవాడికి ఇన్ని రోజులు, చిన్నవాడికి ఇన్ని రోజులు అని. గుడిలో వంతు ఉన్నంతకాలం మాడ వీధిలో ఇల్లు ఉండాలి, తెల్లవారుజామున తడిబట్టతో నడిచిపోవాలి. 1987 దేవాదాయ చట్టంతో మిరాశీలు రద్దయ్యాయి, 1996లో సుప్రీంకోర్టు కూడా ఆ చట్టాన్ని సమర్థించింది. మంచా చెడా నేను చెప్పలేను, రెండు వైపులా మాట్లాడేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చూసింది ఇంటి సంగతి. వంతు పోయాక ఆ ఇంట్లోనే ఉండాల్సిన పని పోయింది, పిల్లలు బెంగళూరు పోయారు, కొందరు అమెరికాలో గుళ్ళకు పోయారు, వాకిలికి తాళం పడింది. తాళం పడిన మిద్దె పదేళ్ళు నిలవదు. రోజూ ఎవరో ఒకరు పైకెక్కి ఆకులు ఊడ్చి, తూము తీసి, పగులుకు సున్నం పూస్తేనే అది మిద్దె.

చెక్కుబందిలో, అంటే దస్తావేజులో నాలుగు సరిహద్దులు రాసే చోట, ఇంకొక పేరు మాటిమాటికీ తగిలేది, 'శ్రీ మహంతు వారి స్థలం' అని. మహంతు అంటే హథీరాంజీ మఠాధిపతి. 1843లో ఈస్టిండియా కంపెనీవాళ్ళు తిరుమల గుడి పెత్తనం ఆ మఠానికి అప్పగించారు, 1933లో దేవస్థానం కమిటీ వచ్చేదాకా తొంభై ఏళ్ళు మహంతులదే పెత్తనం. పక్కన ఖాళీ జాగా ఉందంటే అది మఠానిదే అని రాసేసేవాళ్ళేమో కూడా. ఆ గొడవలు పెద్దవి, నేను పోను.

ఉమ్మడి గోడ గురించి మాత్రం చెప్పాలి, ఎందుకంటే వీధికి వీధి ఎట్లా పోతుందో అందులోనే ఉంది. పాత దస్తావేజుల్లో 'ఉత్తరపు గోడలో సగం హక్కు' అని ఉంటుంది. రెండిళ్ళకు మధ్య ఒకటే గోడ. నా ఇంటి దంతెల చివరలు ఈ వైపు నుంచి, పక్కింటి దంతెలు ఆ వైపు నుంచి అదే గోడలో కూర్చుంటాయి. పక్కవాడు జేసీబీ పెట్టి తన ఇల్లు లాగేస్తే గోడ కదులుతుంది, నా మిద్దె నెర్రె ఇస్తుంది. మొదటి వానకు కారుతుంది, రెండో వానకు ఇటుకలు రాలతాయి. అప్పుడు మున్సిపాలిటీ నుంచి ప్రమాదకర కట్టడం అని నోటీసు. నేను కూలిస్తే నా అవతలి వాడిది మొదలు. ఒకడు పునాది తీస్తే మూడేళ్ళలో నాలుగిళ్ళు పోయిన వరస నా కళ్ళారా చూశాను.

మా ఇల్లు కూడా అట్లానే పోయింది. తప్పు మాది కూడా ఉంది. కారుతోందని ఒక మేస్త్రీ మాట విని సున్నం గోడలకు సిమెంటు పూయించాం, మిద్దె మీద సిమెంటు కాంక్రీటు పోయించాం. సున్నం గోడ తేమను పీల్చుకుంటుంది, మళ్ళీ బయటికి వదిలేస్తుంది. పైన సిమెంటు పూస్తే లోపలి తేమకు దారి ఉండదు. రెండేళ్ళకు గోడ నిండా ఉప్పు పూసి, పొరలు పొరలుగా రాలడం మొదలైంది. పైన వేసిన బరువుకు దూలం కుంగింది. 2021 నవంబరు వానలు గుర్తున్నాయి గదా, శ్రీకృష్ణానగర్లో భూమిలోని నీళ్ళ సంపు దానంతటదే పైకి లేచి నిలబడితే దేశమంతా వీడియో చూసింది, ఆ వారమే మా వంటింటి గోడ వెనక సందులోకి పడిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. ముగ్గురు అన్నదమ్ములం కూర్చుని అమ్మేద్దాం అనుకున్నాం.

ఆ అమ్మకం దస్తావేజు నేనే రాశాను. షెడ్యూల్లో ఏం రాశానో చెప్తాను. 'సదరు స్థలములోని శిథిలమైన పాత మిద్దె, తలుపులు, ద్వారబంధాలు సహా.' ఈ శిథిలమైన అనే మాట మా వృత్తిలో కొట్టినపిండి. కట్టడానికి విలువ తక్కువ చూపిస్తే స్టాంపు డ్యూటీ కలిసొస్తుంది, కాబట్టి గట్టిగా ఉన్న ఇల్లయినా పాతదైతే చాలు శిథిలం అని రాసేస్తాం. ముప్పై నాలుగేళ్ళలో ఎన్ని ఇళ్ళను అట్లా రాశానో లెక్క లేదు. ఆ చిలకల ఇంటిని కూడా అట్లానే రాశాను. వందేళ్ళ తర్వాత ఎవరైనా నకలు తీసి చదివితే, ఈ ఊళ్ళో ఇళ్ళన్నీ కూలిపోవడానికి సిద్ధంగా ఉండేవనే అనుకుంటారు. జేసీబీ వాడు మాత్రం రెండు రోజులైనా మా నడవ గోడ పడక తిట్టుకున్నాడు. దూలాలు, తలుపులు కంట్రాక్టరు తీసుకుపోయాడు, అది ఒప్పందంలోనే ఉంది. నడవలో దీపం గూడు ఉండేది, దాని చుట్టూ మసి, ఎన్ని సున్నాలు వేసినా మళ్ళీ కనిపించే మసి. దాన్నొక్కటి ఫొటో తీసుకుందాం అనుకుంటూనే ఉన్నాను. పోయి చూసేసరికి మట్టి ట్రాక్టరుకెక్కిస్తున్నారు.

కాబట్టి సార్, పాత ఇళ్ళు కూల్చకండి అని నేను ఎవరికీ చెప్పను. ఎనిమిదిమంది వాటాదారులు, కారే కప్పు, బాత్రూము కోసం దొడ్డి దాకా నడిచే ముసలమ్మ, వీధిలోకి రాని కారు, ఇవన్నీ పడేవాడికి తెలుస్తుంది. రాష్ట్ర పురావస్తు చట్టం 1960 నాటిది ఉంది గానీ అది ప్రకటించిన కట్టడాలకు. మనిషి కాపురమున్న మామూలు ఇంటికి అందులో చోటు లేదు. హైదరాబాదులో 1995లోనే హెరిటేజ్ ఇళ్ళకని నియమాలు పెట్టారు. అక్కడా ఎన్ని నిలిచాయో మీకే తెలుసు. తిరుమల కొండ మీద మాడ వీధుల్లో ఒకప్పుడు కాపురాలుండేవి, మా చిన్నమ్మ వాళ్ళింటి తిన్నె మీద కూర్చుంటే వాహనం మన ముందు నుంచే పోయేది. ఇప్పుడు అక్కడ గ్యాలరీ. 2003లో వెయ్యికాళ్ళ మండపాన్నే తీసేసిన చోట తిన్నె గురించి మాట్లాడితే నవ్వుతారు.

నేను అడిగేది చిన్నది. ఇప్పుడు ప్లాను అప్రూవల్ అంతా ఆన్‌లైన్‌లోనే గదా, పాత ఇంటిని కూల్చి కట్టే వాళ్ళ ఫారంలో ఇంకొక గడి పెట్టమనండి. లోపలి ఫొటోలు పది, టేపు పట్టి కొలిచిన ఒక నక్షా, అన్నిటికన్నా పాత దస్తావేజు నకలు. ఒక పూట పని. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలకు ప్రాజెక్టు కావాలి, ఉత్సాహంగా చేస్తారు. ఆస్తి ఎవరి చేతులు మారిందో చూపే రిజిస్ట్రేషన్ల ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది, అంతకుముందువి తెలియాలంటే పాత వాల్యూములు తిరగేయాలి, అవి పొడి పొడి అవుతున్నాయి. ఇళ్ళలో ఉన్న కట్టలే దిక్కు. ఆ కట్టలు ఏమవుతున్నాయో తెలుసా? కిందటేడు మా వీధి చివర భోగి మంటలో ఒక గోనెసంచి బోర్లించారు. అంచు కాలుతున్న ఒక కాగితం ఎగిరి నా కాళ్ళ దగ్గర పడింది, తీసి చూస్తే పాత రెవెన్యూ లెక్క ప్రకారం ఫసలీ సంవత్సరం వేసిన భోగ్యం పత్రం, తూర్పు సరిహద్దు మా తాత ఇల్లు.

మీరు ఆదివారం పేజీలో పావు కాలమ్ ఇస్తే చాలు, వారానికొక ఇల్లు, ఫొటో ఒకటి, కాగితాల్లో ఏముందో పది వాక్యాలు. జమీందారు, మూడు వందల ఏళ్ళు, రాజసం, ఇలాంటి మాటలు వద్దు. ఎవరు కొన్నారు, దేనికి అమ్మారు, మేడ ఎవరు వేశారు, బావి ఎవరు పూడ్చారు, అంతే.

ముందు ఆ ఫొటో కింద సవరణ వేయండి. 'తీర్థకట్ట వీధి, తొట్టికట్టు మిద్దిల్లు' అని వేస్తే సరిపోతుంది. ఇల్లు అమ్మినామె పేరు నేను ఇక్కడ రాయలేదు. వాళ్ళ మునిమనవరాలు ఇదే ఊళ్ళో టీచరు, ఆమె సరే అంటే అప్పుడు రాద్దాం. గొలుసుకట్టు కాగితాలు ఇంట్లో ఉండి చదివేవాళ్ళు లేనివాళ్ళను నా దగ్గరికి పంపించండి, చిరునామా మీ ఆఫీసులో ఇచ్చాను, డబ్బులు తీసుకోను. పొద్దున పదకొండు లోపల రమ్మనండి, ఆ తర్వాత వెలుతురు మారి నాకు అక్షరాలు ఆనవు.

ఇట్లు,
ఒక పాత దస్తావేజు లేఖరి,
తిరుపతి